ఎడమకాలి కొంగు

ఏడో వారం

పోయిన వారం నరసింహప్పను మగ్గం గుంటలో కూర్చోబెట్టి, కొంగు ఆఖరి జానెడు మిగిలుండగా మనం లేచి వచ్చేశాం. ఆయన వారమంతా అక్కడే ఉండిపోయాడని ఎవరూ బెంగపడొద్దు. మధ్యలో సంకటి తిన్నాడు, కూతురి మీద నాలుగుసార్లు అరిచాడు, ఆదివారం సాయంత్రానికి చీర పూర్తి చేశాడు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ధర్మవరంలో నలభై ఏళ్ళుగా పట్టుచీరలు నేస్తున్న నరసింహప్పకు మామిడిపిందెలు, నెమళ్ళు, గోపురాలు తప్ప వేరే బొమ్మ తెలియదు. అలాంటి మనిషి మగ్గం మీదికి ఆయన కూతురు సువర్ణ ఫుట్‌బాల్ ఎక్కించింది. దానికి కారకురాలు ఈశ్వరి. విడపనకల్లులో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, ఇప్పుడు అనంతపురం పక్కన ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న కోచ్. తన పెళ్ళిచీర కొంగు మీద నెమళ్ళు వద్దు, ప్రపంచ ఫుట్‌బాల్ చరిత్రలోని గొప్ప గోల్స్ వరసగా కావాలి అంది. సువర్ణ గళ్ళ కాగితం మీద ఆ గోల్స్ గీసి, గళ్ళ ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టింది. మగ్గం పైన ఆ అట్టలు తిరుగుతుంటే పడుగు అనే నిలువు దారాలు లేస్తాయి. మిగతాది నరసింహప్ప చేతులూ కాళ్ళూ చూసుకుంటాయి.

ఇది సువర్ణ సొంతంగా గీసిన మొదటి డిజైన్. తండ్రీ కూతుళ్ళ ఒప్పందం ఏమిటంటే, ఈ చీర పెళ్ళికూతురు ఒప్పుకుంటే ఇకమీద ఈ ఇంటి మగ్గానికి డిజైన్లు సువర్ణవే. ఒప్పుకోకపోతే ఆ గళ్ళ కాగితాలు అటకెక్కుతాయి, సువర్ణ రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడానికి పోతుంది. పెళ్ళికి ఇంకా పదకొండు రోజులుంది.

సోమవారం పొద్దున పదిగంటలకు ఈశ్వరి స్కూటర్ నేతగాళ్ళ వీధిలో ఆగింది. ముందు ఈశ్వరి, వెనక కాబోయే అత్త లక్ష్మీనరసమ్మ, ఇద్దరికీ మధ్య వలసంచిలో ఒక ఫుట్‌బాల్. లక్ష్మీనరసమ్మది రాయదుర్గమే. సువర్ణ ఓడిపోతే ఏ కుట్టు యూనిట్‌కు పోవాలో, సరిగ్గా ఆ యూనిట్‌లోనే ఆమె సూపర్‌వైజరు. ఆమెను గుమ్మంలో చూడగానే సువర్ణ గళ్ళ కాగితాలన్నీ తీసి లోపల పెట్టేసింది.

నరసింహప్పకు మాత్రం గాలిలో తేలుతున్నట్టుంది. ఉతికిన చొక్కా తొడుక్కుని, చాప పరిచి, చీరకు పసుపు కుంకుమ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. చీరను మడత విప్పనివ్వలేదు.

"కూచో లక్ష్మీనరసమ్మా. ముందు కథ యినల్ల. కథ తెలీకుంటే ఇది ఉత్త మనుషులు ఎగురులాడినట్లుంటాది."

"చీర చూపియ్యన్నా. కథలు యినేకా నేను రాయదుర్గం నుంచి బస్సెక్కి, ఆ స్కూటర్ మింద నడుమిరగ్గొట్టుకోని వచ్చింది?"

"ఈ చీరకు కథే ముఖ్యం."

రెండు నెలల కిందటి దాకా గోలంటే ఏమిటో తెలియని మనిషి అంటున్న మాటది. సువర్ణ ఫోన్‌లో ఒక్కో గోలునూ ఆయన ముప్పై నలభైసార్లు చూశాడు. కాలు ఎక్కడ పడుతుందో తెలియకపోతే జరీ ఎక్కడ తేలాలో తెలియదని ఆయన వాదన. చూసి చూసి ఆ ఆటగాళ్ళకు సొంతంగా పేర్లు కూడా పెట్టుకున్నాడు. వీధిలో మిగతా నేతగాళ్ళు టీ తాగుతూ రాజకీయాలు మాట్లాడుకుంటే, ఈయన జర్మనీ హంగరీ మాట్లాడేవాడు. పాపం వాళ్ళూ ఎన్నాళ్ళు వింటారు, టీ కొట్టు మార్చుకున్నారు.

మొత్తానికి కొంగు విప్పాడు. ముదురు ఆకుపచ్చ పట్టు మీద ఏడు వరసలు. ప్రతి వరసలోనూ వేలెడంత జరీ మనిషి మనకు వీపు చూపిస్తూ గోలు వైపు ఉరుకుతున్నాడు. ముందు బంతి, ఆపైన వల. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. లక్ష్మీనరసమ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఇది మొట్టమొదటి వరల్డ్ కప్పు," అని నరసింహప్ప కింది వరస మీద వేలు పెట్టాడు. "పంతొమ్మిది వందల ముప్పై. ఉరుగ్వే దేశమోళ్ళు ఆఖరాటలో అర్జెంటీనా మింద నాలుగు గోల్సేసినారు. ఆ నాలుగోది ఈయనది. కాస్ట్రో అని పేరు. నేను ఒంటిచెయ్యాయన అంటా. పదమూడేండ్లప్పుడే రంపానికి కుడిచెయ్యి తెగిపోయింది, మోచేతికాడికి. అయినా ఆడినాడు. సూడు, కుడిచెయ్యి పొట్టిగా నేసినా."

లక్ష్మీనరసమ్మ వంగి చూసింది. "కుడిచెయ్యి నిక్షేపంగా ఉండాది గదన్నా. ల్యానిది ఎడమది."

"నువ్వు ఎదురుంగ కూచున్యావు. అందుకట్ల కనపడతాది. ఇట్ల రా."

ఆమె లేచి ఆయన పక్కకొచ్చి కూర్చుంది. "ఈడ కూచున్యా ఎడమదే ల్యా."

"అది పోనీలే," అని నరసింహప్ప రెండో వరసకు వెళ్ళాడు. "ఇది వానగోలు. యాభై నాలుగు. హంగరీ టీము నాలుగేండ్లుగా ఓడలే. ఆఖరాటలో జర్మనీ మింద ముందే రెండు గోల్సేసినారు, అయిపాయ అనుకున్యారు జనం. జర్మనీవాళ్ళు రెండూ తిప్పిచ్చినారు. ఇంగ ఆరు నిమిషాలుండాది. ఒగటే వాన, నేలంతా బురద. రాన్ అనే ఆయన బంతిని పక్కకు లాక్కోని, ఎడమకాలితో ఒగటి పీకినాడు..."

"కుడికాలన్నా ఇది."

నరసింహప్ప వినిపించుకోనట్టు మూడో వరసకు దూకాడు. "ఈయనను సూడు ముందు. మన దేశం. అరవై రెండు, జకార్తా, ఏషియా ఆటలు. ఈశ్వరి ఆరు గోల్సే చెప్పింది, ఇది నేను పట్టుబట్టి పెట్టిచ్చింది. జర్నైల్ సింగ్. కోచ్ మన హైదరాబాదాయన. ఈయన వెనకుండి కాపలా కాసే ఆటగాడు, తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. కట్టు కట్టుకోనే ముందుకొచ్చి ఆడినాడు, ఆఖరాటలో గోలేసినాడు. కొరియామింద గెలిచి బంగారం తెచ్చినారు."

"కట్టు శానా బాగా కుదిరిందన్నా," అంది లక్ష్మీనరసమ్మ, కాస్త జాలిపడి.

తలకు కట్టిన కట్టు ఎటు తిప్పినా కట్టే. ఆ సర్దారు ఒక్కడే ఆ పూట గండం గడిచి బయటపడ్డాడు.

నాలుగో వరస దగ్గర నరసింహప్ప గొంతు సగానికి తగ్గింది. ఎనభై ఆరు, మెక్సికో, మారడోనా. సొంత సగం నుంచి బంతిని కాలికి అతికించుకున్నట్టు తీసుకుపోయి, ఇంగ్లండ్ వాళ్ళను ఒక్కొక్కరినే దాటి, గోల్‌కీపర్‌ను కూడా దాటి కొట్టిన గోలు. "ఎడమ..." అని ఆగి లక్ష్మీనరసమ్మ ముఖం చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

అయిదో వరస వంపుగోలు. తొంభై ఏడులో బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ ఫ్రాన్స్ మీద ఎంతో దూరం నుంచి ఎడమకాలితో కొట్టిన ఫ్రీకిక్. బంతి గోడ కట్టిన ఆటగాళ్ళకు కుడివైపుగా బారెడు దూరం పోయింది. గోలు పక్కన నిలబడిన బంతులందించే కుర్రాడు తనకే తగులుతుందని తల వంచుకున్నాడు. అప్పుడు బంతి ఎడమకు వంగి స్తంభాన్ని రాసుకుంటూ లోపలికి పోయింది. ఆ వంపును నేయడానికి నరసింహప్పకు ఒక రోజు పట్టింది. ఆ దారి ఆయన వేలికి కంఠతా వచ్చు. వేలు కుడికి బయలుదేరింది. జరీ గీత ఎడమకు పోయింది. ఆయన వేలు పట్టు మీద అలాగే ఆగిపోయింది.

ఒంటిచెయ్యాయన దగ్గరే ఈశ్వరి ముఖం మారింది. ఇప్పుడు చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని పై రెండు వరసలూ చూసింది. అక్కడా అంతే.

"సువర్ణా, అన్నీ తిరగబడినాయి," అంది నెమ్మదిగా.

సువర్ణ పరుగున లోపలికి పోయి గళ్ళ కాగితం తెచ్చింది. కాగితం మీద అంతా సరిగానే ఉంది. ఒంటిచెయ్యాయనకు కుడిచెయ్యే లేదు, రాన్‌ది ఎడమకాలే. కాగితం, చీర పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదానికొకటి అద్దంలో చూసినట్టున్నాయి.

"అద్దం!" అని నుదురు కొట్టుకుంది సువర్ణ.

చదివేవాళ్ళకు ఇక్కడ మగ్గం సంగతి ఒకటి తెలియాలి. ఈ ఇంట్లో నేసేటప్పుడు చీర ముఖం నేలవైపు ఉంటుంది, వీపు నేతగాడి వైపు ఉంటుంది. కింద ముఖం ఎలా వస్తున్నదో చూసుకోవడానికి నరసింహప్ప మగ్గం కింద ఒక అద్దం పెట్టుకుంటాడు. పైన వీపు మీద బొమ్మ కాగితంలో ఉన్నట్టే కనబడుతుంది. కింద ముఖం మీద ఎడమ కుడి అవుతుంది. దాన్ని అద్దంలో చూస్తే అద్దం ఇంకోసారి తిప్పి మళ్ళీ సరిగా చూపిస్తుంది. పైన చూసినా సరే, కింద అద్దంలో చూసినా సరే. తప్పు కనబడాలంటే చీరను మగ్గం మీంచి కోసి, తిరగేసి, నలుగురిలో పరవాలి. ఆ పనే ఇప్పుడు జరిగింది.

"ఇంత చదువుకోని ఇది తెలీదా నీకు?" అని నరసింహప్ప ఎగిరిపడ్డాడు.

"తెలుసు నాయనా! చీరమింద పెండ్లికొడుకు పేరు, పెండ్లికూతురు పేరు నెయ్యమంటే అక్షరాలు తిప్పే గదా గీస్తా. ఈశ్వరక్క పేర్లొద్దు, అంకెలొద్దు, గోల్ చూస్తేనే తెలియల్ల అనింది. అక్షరం ల్యాకపోయేసరికి తిప్పే మాటే తోచలే. బొమ్మే గదా, బొమ్మకు ఎడమేంది, కుడేంది అనుకుంటి."

"నేనూ అట్లే అనుకుంటి," అని ఆయన కాస్త దిగాడు. "నలభై యేండ్లలో నెమలి ఎటు సూస్తాండాదని ఒక్క పెండ్లికూతురన్నా అడిగిందా? రెండు నెమళ్ళు ఎదురెదురుగా పెడితే సాలు. ఈ మనుషులకు కాళ్ళుండబట్టి వచ్చింది తంటా అంతా."

"తిప్పి కట్టుకుంటే సరిపోదా?" అని అడిగింది లక్ష్మీనరసమ్మ.

నరసింహప్ప ఆమెను ఎంత కోపంగా చూశాడంటే, ఆమె తన మాట తానే వెనక్కి తీసుకుంది. వీపంతా వదులు జరీ దారాలు. గాజు తగిలితే చాలు, మారడోనా కాలు ఊడి చేతికొస్తుంది.

అంతలో లక్ష్మీనరసమ్మకు ఏదో తట్టింది. ముఖం వెలిగిపోయింది. వరసలన్నీ మళ్ళీ ఒకసారి చూసి చప్పట్లు కొట్టింది.

"మ్మే ఈశ్వరీ, ఏడ్చేదేముండాది దీంట్లో? అన్నీ కుడికాళ్ళే! ఇంట్లోకి కొత్త కోడలు కుడికాలు పెట్టి వచ్చేటప్పుడు కొంగుమింద గూడా అన్నీ కుడికాళ్ళే. ఇంతకన్నా శుభం యాడుండాది? దేవుడే తిప్పినాడనుకో. నాకు శానా నచ్చింది. మడతేసియ్యన్నా."

నరసింహప్ప గబగబా మడత పెట్టబోయాడు. సువర్ణ కూడా, ఒప్పుకోవాలి, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. చీర నెగ్గినట్టే, అటక తప్పినట్టే.

ఈశ్వరి చీర మీద చెయ్యి పెట్టి ఆపింది. "అత్తా, ఈ గోల్స్ ఈ లోకంలో ఎవురూ కొట్టలే."

"ఎవురు చూస్తారు మ్మే?"

"నా పిల్లోళ్ళు చూస్తారు. నలభైమంది ఆడపిల్లోళ్ళు వస్తాండారు పెండ్లికి. వాళ్ళకు ఈ గోల్స్ నేనే నేర్పినా. బ్రాండీ చాస్టేన్ అని ఒగామె ఉండాది, ఇదో, ఆరో వరస. తొంభై తొమ్మిదిలో ఆడోళ్ళ వరల్డ్ కప్పు. ఆమెది కుడికాలు. ఎడమకాలితో కొట్టు పెనాల్టీ అన్యాడు కోచ్. తొంభై వేలమంది సూస్తాండంగా ఎడమకాలితో కొట్టి కప్పు గెలిపిచ్చింది. దాన్ని కుడికాలు చేస్తే ఇంగ ఆ గోల్‌లో ఏముండాది? ఆపైన గెట్జె. రెండువేల పద్నాలుగు. బంతిని ఎదమింద దించుకోని, అది కింద పడేలోపల ఎడమకాలు ఆడిచ్చినాడు."

"అన్నీ ఎడమకాళ్ళే ఏరుకున్యావా?" లక్ష్మీనరసమ్మ గొంతు మారింది.

"ఏరుకున్యా."

"ఎందుకు?"

"నాది ఎడమకాలు గాబట్టి."

లక్ష్మీనరసమ్మ కళ్ళజోడు సర్దుకుని కాబోయే కోడలి కాళ్ళ వైపు చూసింది.

"మా నాయన తల్లి, జేజి అంటాం, మారెక్కని ఉండ్య," అని ఈశ్వరి చెప్పసాగింది. "ఎడమకాలు ముందు పెడితే గొర్లు బతకవని ఆమె నమ్మకం. నేను గడప దాటినప్పుడల్లా ఎడమ పిక్కమింద కట్టెతో ఒగటి యేస్తాండ్య. రాయి తన్నినా అంతే. దెబ్బలకు భయపడి అంతా కుడికాలితోనే నేర్చుకుంటి. బడి నుంచి ఫుట్‌బాల్ సెలక్షన్‌కు పిలుచుకోని పోయినారు. మూడుసార్లు కుడికాలితో కొట్టినా, మూడూ బయటికే పోయినాయి. ఇంగ ఇంటికే అనుకుంటి. ఆడుండే కోచ్ మేడం దగ్గరకొచ్చి, నీ కాలేది పాపా అని అడిగింది. అట్ల నన్నెవురూ అడగలే అంతవరకూ. ఎడమకాలితో కొడితే వల చినిగింది. అప్పటి నుంచి నన్ను సాకింది ఆ కాలే అత్తా. దాన్ని మా జేజి దాచిపెట్టమనింది, నేను దాచిపెట్టను."

నవ్వుతూనే మొదలుపెట్టిన ఈశ్వరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సువర్ణకు సిగ్గేసింది. అటక తప్పిందని క్షణం కిందట సంతోషించినందుకు తన మీద తనకే అసహ్యం కలిగింది.

లక్ష్మీనరసమ్మ కదిలిపోయిందని అనుకుంటున్నారేమో, అంత సులువైన మనిషి కాదామె. "అయితే మా ఇంట్లోకి ఏ కాలు ముందు పెడదామని?" అని నిలదీసింది.

"ఏ కాలు ముందొస్తే అది. నాకెప్పుడూ ఎడమదే వస్తాది."

"మా అత్త కుడికాలే పెట్టిచ్చింది నాతో. నేను అదే చేసినా."

"మీరు చేసినారు. నేను కాదన్లే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నరసింహప్ప మధ్యలో దూరి, పెళ్ళి మాటల్లో ఇవన్నీ ఎందుకమ్మా, టీ తాగుదామని ఏదో అనబోయాడు. లక్ష్మీనరసమ్మ ఆయనను పట్టించుకోకుండా లేచి, కొంగు నడుముకు దోపుకుంది. ఆమె బళ్ళో చదివేటప్పుడు కబడ్డీలో పేరుమోసిన మనిషని, పట్టు పడితే ఎవరూ విడిపించుకుపోయేవాళ్ళు కాదని కాబోయే కోడలికి ఇంకా తెలియదు.

"ఆ సంచిలో బంతి తియ్యి," అంది.

"ఎందుకత్తా?"

"నీ కాలు అంత గొప్పదైతే నన్ను దాటిచ్చు. గోలైతే నీ ఎడమకాళ్ళ చీరే కట్టుకో, ఎడమకాలే పెట్టు, మా గడపలో నేనే హారతిస్తా. నేను ఆపితే మాత్రం ఈ చీరే కట్టుకోని, కుడికాలు పెట్టి, నోరు మూసుకోని రావల్ల. ఒగటే దెబ్బ. సరేనా?"

"మీరు గోల్‌కీపరా!"

"ఏం, పనికిరానా?"

బయట వీధిలో పొద్దున్నే పడుగు చాపుకోవడానికి పాతిన రెండు రాటలున్నాయి. వాటి మధ్య లక్ష్మీనరసమ్మ కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాచి నిలబడింది. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఇన్నాళ్ళూ నరసింహప్ప కథలకు భయపడి టీ కొట్టు మార్చుకున్నవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. పాలప్యాకెట్లు తెస్తున్న ఒకామె ఆగి, విషయం కనుక్కుని, ప్యాకెట్లు గట్టు మీద పెట్టి మరీ నిలబడింది.

ఈశ్వరి బంతిని కొళాయి దగ్గర పెట్టింది. వెంటనే కొట్టలేదు. సువర్ణ వైపు తిరిగింది. ఆమె ఎందుకు తిరిగిందో సువర్ణకు అర్థమైంది. గోలైతే ఈ చీర ఓడినట్టు. పదకొండు రోజుల్లో మళ్ళీ గళ్ళ కాగితం, మళ్ళీ అట్టలు, మళ్ళీ మొత్తం చీర. గోలు కాకపోతే ఈ చీరే నెగ్గుతుంది, సువర్ణ డిజైనర్‌గా ఇంట్లోనే ఉండిపోతుంది.

వెనకనుంచి నరసింహప్ప సన్నగా గొణిగాడు. "బయటికి కొట్టమని చెప్పు పాపా. ఆ పిల్లకు నువ్వు చెప్తే యింటాది."

సువర్ణ తల అడ్డంగా ఊపింది. తన మొదటి చీర, ఎవరూ కొట్టని గోల్స్‌తో, నలభైమంది పిల్లల ముందు. ఆ పిల్లలు ఒకరినొకరు చూసుకుని మర్యాదకు నవ్వు ఆపుకుంటారు. దానికన్నా జీన్స్ ప్యాంట్లు నయమనిపించింది.

"కొట్టక్కా!" అని అరిచింది. "ఎడమకాలితోనే కొట్టు!"

ఈశ్వరి మూడడుగులు వెనక్కి వేసింది, ముందుకు ఉరికింది. లక్ష్మీనరసమ్మ నిజంగానే గట్టి మనిషి. కోడలి కాలు లేచీ లేవకముందే కుడివైపు రాట మీదికి లంఘించింది. సరైన వైపే. చూసేవాళ్ళు ఓ అన్నారు. బంతి నేలకు జానెడెత్తున వచ్చి, ఆమె వేళ్ళ కొసలు తాకి, రాటకు లోపలి పక్కన తగిలి, వెనకున్న గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది.

వీధి వీధంతా కేకలు వేసింది. అందరికన్నా గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? నరసింహప్ప. ఎగిరి, చేతులు పైకెత్తి, పక్కింటాయనను కౌగిలించుకుని, ఆ తర్వాత తాను ఓడిపోయినట్టు గుర్తొచ్చి చేతులు దించాడు.

లక్ష్మీనరసమ్మ దుమ్ములోంచి లేచి చీర దులుపుకుంది. మోచెయ్యి గీసుకుపోయింది. ఈశ్వరి పరుగెత్తుకొచ్చి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, ఆ వెంటనే తానే నవ్వేసింది. "తగిలింది మ్మే నా వేలికి! ఇంగ ఒక్క బెత్తెడు పొడుగుంటే ఆపేదాన్ని." ఊపిరి తీసుకుని కోడలి ఎడమకాలి వైపు కాసేపు చూసింది. "ఇరవై యేండ్లుగా ప్యాంట్లు కుట్టిస్తాండా. ఎడమకాలికి, కుడికాలికి కొలత ఒగటే. రా, ఏ కాలు పెడతావో పెట్టుకోని రా."

ఈశ్వరి ఆమెను గట్టిగా పట్టుకుంది. సువర్ణకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. లోపలికి వచ్చి అందరూ నీళ్ళు తాగారు. నరసింహప్ప అప్పుడే వేళ్ళు మడుస్తూ లెక్కలోకి దిగాడు. గళ్ళ కాగితం మీద తిప్పి గీసే పని ఒక పూట. అట్టలు ఒక రోజు. పడుగు ఎట్లాగూ మగ్గం మీదే ఉంది. చీర తొమ్మిది రోజులు. పదకొండు రోజుల్లో అయిపోతుంది, ఒక పూట మిగులుతుంది కూడా.

"పదకొండు రోజులా?" అంది లక్ష్మీనరసమ్మ, గ్లాసు నోటి దగ్గరే ఆపి. "అయ్యో, సెప్పనే లే గదా! చీర చూసినాక ఈశ్వరికీ మీకూ ఒగేసారి సెప్పల్లనుకుంటి. ఈ కాళ్ళ గలాటాలో మర్చిపోతి. మా కొడుకు ఆనంద్‌కు గుత్తి రైల్వేలో ఆ వారం సెలవు ఇయ్యలేదంట, నిన్ననే ఫోన్ చేసినాడు. అయ్యవారు వేరే ముహూర్తం చూసినాడు. పెండ్లి కసాపురం గుళ్ళోనే, దాంట్లో మార్పు లే. శుక్రారం."

"ఏ శుక్రారం?" అని అడిగాడు నరసింహప్ప.

"ఈ శుక్రారమే అన్నా."

నరసింహప్ప మడిచిన వేళ్ళు విప్పేశాడు. సోమవారం మధ్యాహ్నం కావస్తోంది. ఈశ్వరి మెల్లగా, "పోనీలే సువర్ణా, ఇదే కట్టుకుంటా. బాగుండాది," అంది. అబద్ధం ఆడటం ఆమెకు బొత్తిగా చేతకాదు.

సువర్ణ ఆ మాట విననట్టే ఉంది. చాప మీద పరిచి ఉన్న చీరనే చూస్తోంది. ఒళ్ళు ఆకుపచ్చగా, జరీ అంచుతో, ఒక్క తప్పు లేకుండా పడి ఉంది. తప్పంతా కొంగులోనే ఉంది.

"నాయనా, చీరంతా గాకుండా కొంగు ఒక్కటే అయితే ఎన్ని రోజులు?"

"కొంగు ఒక్కటైతే మూడు రోజులు, రాత్రీ పగలూ కూచుంటే రెండు. కానీ ఉత్త కొంగు నేసి ఏం చేసుకుంటావు..." నరసింహప్ప మాట మధ్యలో తెగిపోయింది. కూతురు గూట్లోంచి కత్తెర తీసుకుని వచ్చి, చీర ఒళ్ళు ముగిసి కొంగు మొదలయ్యే గీత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"సువర్ణా! పెండ్లిచీర అది! పెండ్లిచీరకు అతుకేస్తావా? నలభై యేండ్లలో నా మగ్గం మింద నుంచి దిగిన చీరకు కత్తెర తగల్లేదు!"

సువర్ణ కత్తెర తెరిచింది.

"నాయనా, ఈ కొస గట్టిగా పట్టుకో. నేనొక్కదాన్నే కోస్తే వంకర పోతాది."

ఈశ్వరి కళ్ళు మూసుకుంది. నరసింహప్ప చెయ్యి ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.